లోనుతో పాటు కట్టించుకున్న ఇన్సూరెన్సు ఇంటికా, మనిషికా? కొబ్బరిచెట్టు పడ్డాక అడుగుతున్నాను

మహేంద్రతనయ_ఒడ్డు
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2019లో బ్యాంకు లోను తీసుకుని ఇల్లు కట్టాం. లోను ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్సు అని చెప్పి 46 వేలు ఒకేసారి పట్టుకున్నారు. ఇంటికి బీమా ఉందిలే అని ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాను. పదిహేను రోజుల కింద వచ్చిన గాలివానకి పక్కవాళ్ల కొబ్బరిచెట్టు విరిగి మా మేడ మీద పడింది. పిట్టగోడ ఒక పక్క మొత్తం కూలింది. వెయ్యి లీటర్ల ట్యాంకు పగిలింది. ప్రహరీ పన్నెండు అడుగుల మేర పడిపోయింది. అదే రాత్రి పిడుగుకి టీవీ, ఇన్వర్టరు కాలిపోయాయి. మేస్త్రి లక్షా ఎనభై వేలు అవుతుందన్నాడు.
బ్యాంకుకెళ్లి కాగితం అడిగితే ఒక జిరాక్సు చేతిలో పెట్టారు. అందులో ఇంటి అడ్రసు ఎక్కడా లేదు. నా పేరు, నా పుట్టినరోజు, నామినీగా మా ఆవిడ పేరు మాత్రం ఉన్నాయి. ఇదేం పాలసీ? ఇంటికి పనికిరాదా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పట్టు_బరంపురం
నామినీ పేరు ఉందంటే అది మీ ప్రాణానికి చేసిన బీమా. మీకు ఏమైనా అయితే మిగిలిన లోను తీరుతుంది. పిట్టగోడకి పైసా రాదు. మాకూ ఇలాగే అంటగట్టారు.

ఇచ్ఛాపురం_బాబు
నిజమే. మా అన్నయ్య ఇంటికీ ఇదే కథ. లోను కాగితాల మీద నలభై సంతకాలు పెట్టిస్తారు, అందులో ఏది ఏమిటో ఎవరు చదువుతారు? అంతా ఇంగ్లీషు.

గుణుపురం_గౌరి
చెట్టు పక్కవాళ్లది కదా. వాళ్లనే కట్టమనొచ్చు కదా?

మహేంద్రతనయ_ఒడ్డు
గౌరి గారూ, ఆ ఇంట్లో ఉన్నది ఒక ముసలావిడ. కొడుకు సూరత్‌లో మగ్గం పని చేస్తాడు. చెట్టు పడగానే ఏడుస్తూ వచ్చి నా చేతులు పట్టుకుంది. ఆవిడని ఎలా అడుగుతానండీ?

రిటైర్డ్_బీమా
ముప్ఫై ఒక్కేళ్లు జనరల్ ఇన్సూరెన్సులో పనిచేసి రిటైరయ్యాను. విశాఖలోనూ బరంపురంలోనూ ఉన్నాను. మహేంద్రతనయ బాబూ, అప్పుడే ఆశ వదులుకోకు. ఒక పని చెయ్యి. లోను ఖాతా స్టేట్‌మెంట్ 2019 నుంచి ఇప్పటిదాకా మొత్తం తీయించు. ఏడాదికోసారి ఐదారు వందలో, వెయ్యో చిన్న మొత్తం పట్టుకున్నట్టు ఉందేమో ప్రతి వరసా చూడు. తాకట్టు పెట్టుకున్న ఇంటికి చాలా బ్యాంకులు విడిగా ఒక పాలసీ తీస్తాయి. ఆ కాగితం మనకి ఇవ్వరు, ఫైల్లోనే పడి ఉంటుంది. ప్రాణానికి తీసినది వేరు, ఇంటికి తీసినది వేరు. కొన్నిచోట్ల రెండూ ఉంటాయి, కొన్నిచోట్ల ఒకటే ఉంటుంది.
ఇంకో మాట. ఇల్లు బాగుచేయించే తొందరలో పగిలిన ట్యాంకు, చెట్టు మొదలు బయట పారేయకు. వానకి తడవకుండా టార్పాలిన్ కప్పుకో, అది తప్పు కాదు. కానీ బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా పగిలినవి పగిలినట్టే ఉండాలి. ఫొటోలు తీశావా?

మహేంద్రతనయ_ఒడ్డు
తీశాను మాస్టారూ. మా అబ్బాయి వీడియో కూడా తీశాడు. చెట్టు మాత్రం రెండో రోజే కోయించేశాం, గుమ్మానికి అడ్డంగా పడిందని.

రిటైర్డ్_బీమా
ఫరవాలేదు. దారికి అడ్డం వస్తే తీయక తప్పదు. కోసిన మేస్త్రి దగ్గర కూలి డబ్బులకి చీటీ రాయించుకో. శిథిలాలు ఎత్తించిన ఖర్చు కూడా కొంతవరకు ఇస్తారు.

సూరత్_కాశీనగర్
మాది కాశీనగర్, ఉద్యోగం సూరత్‌లో. ఇల్లు ఏడాదిలో పది నెలలు తాళం వేసే ఉంటుంది. బీమా చేయించాలని ఏజెంటుని అడిగితే 'భారత్ గృహ రక్ష' అన్నాడు. దొంగతనానికి కూడా వస్తుందట. ఎవరైనా తీసుకున్నారా?

పట్టు_బరంపురం
నేను తీసుకున్నాను. కానీ దొంగతనానికి వస్తుందన్నది పూర్తి నిజం కాదు.

రిటైర్డ్_బీమా
పట్టు గారు చెప్పింది సరైన మాట. భారత్ గృహ రక్ష 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీల చేతా ఒకే రకం మాటలతో అమ్మించే పాలసీ అది. నిప్పు, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు, అల్లర్లు, ఇంటి మీద చెట్టో బండో పడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. దొంగతనం మాత్రం ఒక్క సందర్భంలోనే. తుపానో అగ్నిప్రమాదమో జరిగి, దాని వెంటనే ఏడు రోజుల లోపల ఆ ఇంట్లో సామాను పోతే ఇస్తారు. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే దానికి విడిగా బర్గ్లరీ, అంటే దొంగతనం పాలసీ ఉండాలి. తాళం వేసి ఉండే ఇళ్ల గురించి ఆ పాలసీలో ఎన్ని రోజుల గడువు రాశారో కూడా చూసుకోవాలి. సూరత్ బాబూ, నువ్వు ముఖ్యంగా చూసుకోవాల్సింది అదే. ఇల్లు పది నెలలు ఖాళీగా ఉంటుందని ప్రపోజల్ ఫారంలోనే రాసిచ్చేయి. దాచి తీసుకుంటే క్లెయిమ్ రోజున దొరికిపోతావు.

సూరత్_కాశీనగర్
ఏడు రోజుల సంగతి ఎవరూ చెప్పలేదు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇల్లు గాలికి తట్టుకుంది. తలుపు విరిగి ఉంటే నాలుగో రోజున బోరు మోటారు, రాగి వైరు ఎత్తుకుపోయారు. అమ్మ అప్పుడు మా చెల్లి ఇంట్లో ఉంది.

గుణుపురం_గౌరి
తిత్లీ పేరు వింటే ఇప్పటికీ భయమే. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తీరం మనకి దూరం కదా, మనకేం కాదనుకున్నాం. చివరికి గజపతి జిల్లా కొండల్లోనే కొండచరియలు విరిగి మనుషులు పోయారు. సముద్రం దూరంగా ఉంది కాబట్టి మనకి తుపాను బీమా ఎందుకు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పట్టు_బరంపురం
మా నాన్నగారు 1999 సంగతి చెప్తారు. అక్టోబరు 17న మా గంజాం మీద పడింది ఒక తుపాను. పన్నెండు రోజులకి పారాదీప్ వైపు ఇంకా పెద్దది పడింది. దేశమంతటికీ ఆ రెండోదే గుర్తుంది. మా పెంకుటింటి పైకప్పు పోయింది మాత్రం మొదటిదానికే. మళ్లీ 2013 అక్టోబరు 12న, దసరా అష్టమి రాత్రి, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది. ఊరంతా ముందే ఖాళీ చేయించారు కాబట్టి మనుషులు దక్కారు. ఇళ్లని ఎవరు ఖాళీ చేయిస్తారు? అప్పట్లో మా వీధిలో ఇంటికి బీమా ఉన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

రాయగడ_టీచర్
గవర్నమెంటు ఇస్తుంది కదా అనుకుంటారు చాలామంది. ఆ లెక్క కూడా తెలుసుకోండి. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో 2022 నుంచి ఇల్లు పూర్తిగా పోతే మైదానంలో 1,20,000, కొండ ప్రాంతంలో 1,30,000. పక్కా ఇల్లు కొంతభాగం దెబ్బతింటే, అదీ కనీసం 15 శాతం దెబ్బ ఉంటేనే, 6,500 రూపాయలు. ఆ డబ్బు పేదవాళ్లకి ఊపిరి నిలబెడుతుంది, కాదనను. మేడ పిట్టగోడ మాత్రం దాంతో లేవదు.
అయినా మహేంద్రతనయ గారూ, ఆర్‌ఐకి, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి అర్జీ పెట్టండి. నష్టం చూసినట్టు ఆయన రాసిచ్చే కాగితం బీమావాళ్ల దగ్గర కూడా ఉపయోగపడుతుంది.

ఇచ్ఛాపురం_బాబు
నాకో అనుమానం. మా ఇల్లు ఇప్పుడు అమ్మితే 45 లక్షలు వస్తుంది. అంత పెట్టి బీమా చేయిస్తే ప్రీమియం ఎంత అవుతుందో అని మానేశాను.

పట్టు_బరంపురం
బాబూ, స్థలం తుపానుకి కొట్టుకుపోదు! కట్టడం ఖర్చు ఒక్కటే లెక్క. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల కొలత చూసుకుని, ఈరోజు మళ్లీ కట్టాలంటే అడుగుకి ఎంత అవుతుందో దాంతో గుణించడమే. మాది 1,100 అడుగులు. మా మేస్త్రి 1,900 చెప్పాడు. అంటే 20 లక్షల 90 వేలు. దానికి నేను కడుతున్నది ఏడాదికి పదిహేను వందల లోపే. ఒక పట్టుచీర అంచు కూడా రాదు ఆ డబ్బుకి.

ఇచ్ఛాపురం_బాబు
అంతేనా? బైకు ఇన్సూరెన్సు కంటే తక్కువే.

రాయగడ_టీచర్
తక్కువ వేసుకుంటే మాత్రం మునుగుతారు. మా బావగారి షాపు అనుభవం. సరుకు, కట్టడం కలిపి ఇరవై లక్షల విలువ. ప్రీమియం మిగులుతుందని పది లక్షలకే చేయించారు. నిప్పంటుకుని రెండు లక్షల నష్టం వస్తే, నువ్వు సగానికే కదా చేయించావు అని లక్షే ఇచ్చారు.

రిటైర్డ్_బీమా
టీచర్ గారూ, అది షాపు పాలసీ. మీరన్న కోత నిజమే, ఇళ్ల పాలసీల్లోనూ పూర్వం ఉండేది. భారత్ గృహ రక్షలో ఆ కోత తీసేశారు. రెండు లక్షల నష్టమైతే రెండు లక్షలే లెక్క. అయితే ఇల్లు మొత్తం పోతే మాత్రం రాయించుకున్న మొత్తానికి మించి రాదు కాబట్టి తక్కువ రాయించుకోవడం ఎప్పుడూ మంచిది కాదు. దీర్ఘకాలానికి, అంటే పదేళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ఏడాదికి పది శాతం చొప్పున బీమా మొత్తం దానంతట అదే పెరుగుతుంది, అదనంగా కట్టక్కర్లేదు.
కట్టడం అంటే నాలుగు గోడలే అనుకోకండి. ప్రహరీ, గేటు, వాటర్ ట్యాంకు, సోలార్ పలకలు, బయటి గది కూడా అందులోకే వస్తాయి. కట్టడం, సామాను రెండూ కలిపి తీసుకుంటే సామానుకి కట్టడం మొత్తంలో 20 శాతం, ఎక్కువలో ఎక్కువ పది లక్షలు, జాబితా రాయకుండానే వస్తుంది. నగలకి విడిగా విలువ కట్టించి చేర్చుకోవాలి. ఇంట్లో దాచిన నోట్లకి రాదు.

మహేంద్రతనయ_ఒడ్డు
పిడుగు కూడా ఉందన్నారు కదా మాస్టారూ, మరి టీవీ, ఇన్వర్టరు?

రిటైర్డ్_బీమా
అక్కడే చాలామంది దెబ్బతింటారు. పిడుగు పడి గోడ బీటలిస్తే, నిప్పంటుకుంటే వస్తుంది. కానీ షార్ట్ సర్క్యూట్‌తో, ఎక్కువ కరెంటు వచ్చి ఆ వస్తువే కాలిపోతే ఆ ఒక్క వస్తువుకి రాదు, కారణం పిడుగైనా సరే అని పాలసీలోనే రాసి ఉంది. ఆ వస్తువు నుంచి మంటలు లేచి మంచం, బీరువా కాలితే వాటికి వస్తుంది.

గోపాల్‌పూర్_గాలి
అన్యాయం ఇది. పిడుగు ఉందని పైన రాసి కింద లేదనడమేంటి?

కరెంటు_మేస్త్రి
గాలి అన్నా, అన్యాయమో న్యాయమో, మన చేతిలో ఉన్నది మనం చూసుకుందాం. ఛత్రపూర్ చుట్టుపక్కల ఇరవై రెండేళ్లుగా వైరింగు చేస్తున్నాను. పది ఇళ్లకి వెళ్తే ఏడింట్లో ఎర్తింగు పేరుకే ఉంటుంది. రాడ్డు ఉప్పుగాలికి తుప్పు పట్టి వైరు ఊడి ఉంటుంది, ఎవరూ చూడరు. ఏడాదికోసారి వానల ముందు చూపించుకోండి. ఎమ్‌సీబీలు, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు ఉంటే చాలనుకుంటారు. ఎమ్‌సీబీ వైరుని కాపాడుతుంది. మనిషికి షాక్ కొట్టకుండా ఆపేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. రెండు మూడు వేలతో అయిపోతుంది. దాని మీద టెస్ట్ అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, స్విచ్ దానంతట అదే పడిపోవాలి. పడకపోతే మార్చండి.
ఉరుము వినగానే ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. డిష్ కేబులు, ఇంటర్నెట్ డబ్బా వైరు కూడా పీకాలి. 'దామిని' యాప్ ఫోన్లో పెట్టుకోండి. పుణెలో వాతావరణ సంస్థవాళ్లు చేసింది. దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెప్తుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు పొలంలో ఉండగా అది మోగితే పరిగెత్తి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం అదే గట్టు మీద తాటిచెట్టు కాలిపోయింది.

గోపాల్‌పూర్_గాలి
మంచి మాట చెప్పావు తమ్ముడూ. నేను తుపాను ముందు చేసేవి కూడా చెప్తాను. ఖాళీ ట్యాంకు ఎగిరిపోతుంది. ముందురోజే నింపేయాలి, కరెంటు పోతే ఆ నీళ్లే దిక్కు. రేకులకి మామూలు మేకులు కొట్టించకండి, కొక్కెంలా వంగి ఉండే జె బోల్టులు వేయించండి. ఫైలిన్ రాత్రి మా వీధిలో రేకులు కత్తుల్లా ఎగిరాయి. మేడ మీద పూలకుండీలు, వెదురుబొంగులు, పాత రేకులు ఏవీ ఉంచకూడదు. కొబ్బరిచెట్టుకి ఎండు మట్టలు, గెలలు సెప్టెంబరులోనే దింపించేయాలి.

గుణుపురం_గౌరి
గ్యాసు సంగతి ఎవరూ చెప్పడం లేదు, నేను చెప్తాను. మా పిన్ని ఇంట్లో రబ్బరు పైపు తొమ్మిదేళ్ల నాటిది. ఎలక కొరికింది. పొద్దున్నే లైటు వేసేలోపు వాసన గమనించింది కాబట్టి బతికిపోయారు. ఆ నారింజ రంగు పైపుని ఐదేళ్లకోసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. కిటికీలు తెరిచి రెగ్యులేటరు ఆపి 1906కి ఫోన్ చేయండి.
సిలిండరు పైన పట్టీ మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా. పక్కన ఉన్నది ఏడాది. ఆ గడువు దాటిన సిలిండరు తెస్తే గుమ్మంలోనే వెనక్కి పంపండి.

రిటైర్డ్_బీమా
గౌరమ్మ చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతాను. గ్యాసు ప్రమాదానికి ఆయిల్ కంపెనీలు తీసిన బీమా ఒకటి ఉంది, మనం ఏమీ కట్టక్కర్లేదు. మనిషి చనిపోతే 6 లక్షలు. గాయాలకి ఒక్కొక్కరికి 2 లక్షల దాకా, ప్రమాదం మొత్తానికి 30 లక్షల దాకా. ఇంటి నష్టానికి 2 లక్షల దాకా. ప్రమాదం జరిగిన వెంటనే గ్యాసు డీలరుకి రాతపూర్వకంగా చెప్పాలి. కనెక్షను ఏ అడ్రసు మీద ఉందో ఆ ఇంటి నష్టానికే ఇస్తారు. ఇల్లు మారి అడ్రసు మార్చుకోనివాళ్లు ఈ వారమే మార్చుకోండి.

రాయగడ_టీచర్
మాకు గుణుపురం రోడ్డులో ఏనుగుల బెడద. లఖారి అడవుల వైపు నుంచి దిగుతాయి. ధాన్యం వాసనకి గోడలు పడదోస్తాయి. ఇదీ వస్తుందా?

రిటైర్డ్_బీమా
పాత ఫైరు పాలసీల్లో వాహనమో, మనది కాని జంతువో ఢీకొడితే అని నేరుగా ఉండేది. గృహ రక్షలో బయటి వస్తువు ఏది తగిలినా అని రాసి చెట్టు, వాహనం, గోడ ఉదాహరణలుగా ఇచ్చారు. మీరు పాలసీ తీసుకునేటప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టి ఏనుగు సంగతి రాతలో తెప్పించుకోండి. అటవీశాఖకి కూడా అర్జీ పెట్టండి, వాళ్లు వేరే సహాయం ఇస్తారు.

ఇచ్ఛాపురం_బాబు
స్లాబు కారుతుంటే వస్తుందా? మూడేళ్లుగా కారుతోంది.

పట్టు_బరంపురం
రాదు బాబూ. అది పాతబడటం. తుపానుకి స్లాబు పగిలితే వేరు.

మహేంద్రతనయ_ఒడ్డు
దొరికింది! స్టేట్‌మెంట్‌లో ప్రతి జూన్‌లో 612 రూపాయలు పట్టుకున్నారు. బ్యాంకులో గట్టిగా అడిగితే ఫైలు తీశారు. ఇంటి పేరుమీదే పాలసీ, ఈ జూన్‌లో కూడా రెన్యూ అయింది. 14 లక్షలకి, కట్టడానికి మాత్రమే, సామాను వద్దని వాళ్లే టిక్కు పెట్టేశారు. ఈరోజుకి పంతొమ్మిదో రోజు. ఇప్పుడేం చేయాలి?

రిటైర్డ్_బీమా
శభాష్. ఈ రాత్రే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో, మెయిల్ కూడా పెట్టు. క్లెయిమ్ ఫారం ముప్ఫై రోజుల లోపల చేరాలి, నీకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆలస్యమెందుకైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, పాలసీ కాపీ నీకెవరూ ఇవ్వలేదని. మేస్త్రి అంచనా, ఫొటోలు, ఆర్‌ఐ కాగితం జతచెయ్యి. టీవీ, ఇన్వర్టరు అందులో రాయకు.
డబ్బు ముందు బ్యాంకు పేరుకే వస్తుంది, తాకట్టు వాళ్లదగ్గర ఉంది కాబట్టి. మరమ్మతుకి విడుదల చేయమని మేనేజరుకి ఇప్పుడే ఉత్తరం ఇచ్చి రసీదు ముద్ర వేయించుకో.

మహేంద్రతనయ_ఒడ్డు
ఒకవేళ కాదంటే?

రిటైర్డ్_బీమా
కాదంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయి. నెల చూసి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లో బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. ఏడాది లోపల వెళ్లాలి. ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేసే బీమా భరోసా నంబరు 155255.

ఇచ్ఛాపురం_బాబు
నాకు బరంపురంలో కూడా చిన్న ఇల్లుంది, ఉండేది ఆంధ్రా వైపు. నేనెటు వెళ్లాలి?

రిటైర్డ్_బీమా
నువ్వు ఉండే చోటును బట్టి హైదరాబాద్, పాలసీ ఇచ్చిన ఆఫీసును బట్టి భువనేశ్వర్. ఏదైనా చెల్లుతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు
క్లెయిమ్ నంబరు వచ్చింది. సర్వేయర్ గురువారం బరంపురం నుంచి వస్తారట. పగిలిన ట్యాంకు పెరట్లోనే ఉంచాను. పక్కింటి మామ్మగారికి కూడా ఈ సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే కొడుక్కి ఫోన్ చేసి, మిగిలిన రెండు చెట్లకీ మట్టలు కొట్టించమని, ఇంటికి గృహ రక్ష తీయమని చెప్పింది. సూరత్_కాశీనగర్ గారూ, మీరు ఏ కాగితాలు ఇచ్చి తీసుకున్నారో రాయండి, అతనికి పంపిస్తాను.

సూరత్_కాశీనగర్
నిన్ననే కట్టాను. పట్టా కాపీ, కరెంటు బిల్లు, ఆధార్, నాలుగు పక్కల ఫొటోలు ఇచ్చాను. ఇల్లు ఖాళీగా ఉంటుందని ఫారంలో రాశాను. అతని నంబరు నాకు విడిగా పంపండి, మేముండేది కూడా సూరత్‌లోనే కదా, ఆదివారం వెళ్లి కలుస్తాను.